గెకో గుడ్లు పొదిగించాలంటే మన ఎండల్లో ముందు చల్లదనం చూసుకోండి

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఏడాదిన్నరగా ఒక జత లెపర్డ్ గెకోలను (బల్లి జాతి పెంపుడు జీవాలను) పెంచుతున్నాం. మొన్న రాత్రి ఆడది తడి పెట్టెలో రెండు గుడ్లు పెట్టింది. తెల్లగా, మెత్తగా, తోలు పట్టుకున్నట్టు ఉన్నాయి. మాకిదే మొదటిసారి. కోడిగుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్ ఒకటి బరంపురంలో చవగ్గా దొరుకుతోంది, కొనమంటారా? ఏప్రిల్ ఎండలు ముదురుతున్నాయి. గాలివాన వస్తే గంటల తరబడి కరెంటు ఉండదు. మా అత్తగారేమో ఇది కాళకూటం, దీని పిల్లలు ఇంట్లో వద్దు అంటున్నారు. మొదటి నుంచి చివరిదాకా ఏం చేయాలో వివరంగా చెప్పండి.

జవాబు: ఆ ఇంక్యుబేటర్ కొనకండి. అది కోడిగుడ్డుకు ఏమేం చేస్తుందో అవన్నీ గెకో గుడ్డుకు ప్రాణాంతకం. దాని వేడి 37.5 డిగ్రీలు. గెకో గుడ్డు 34 దాటి కొన్ని గంటలుంటేనే లోపలి పిండం దెబ్బతింటుంది. ఆ యంత్రం గుడ్లను రోజుకు చాలాసార్లు దొర్లిస్తుంది. గెకో పిండమైతే గుడ్డు పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే పెంకు పైభాగం లోపలి వైపు అతుక్కుని ఎదుగుతుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పచ్చసొన బరువు పిండం మీద పడుతుంది. ఇక దాని ఫ్యాను గాలికి తోలులాంటి ఈ పెంకు ఎండి చొట్టలు పడుతుంది. కోడిగుడ్డు లోపలి నీటితోనే పిల్లగా మారుతుంది. గెకో గుడ్డు అలా కాదు, చుట్టూ ఉన్న తేమను పీల్చుకుంటూ పెరుగుతుంది. మన గోడల మీద బల్లి పెట్టే గట్టి పెంకు గుండ్రటి గుడ్లకు కూడా ఈ తడి అక్కర్లేదు. అందుకే వాటితో పోల్చి చూసుకున్నా మోసపోతారు.

ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. మెత్తటి పెన్సిల్‌తో, 2బి అయితే మంచిది, ప్రతి గుడ్డు పైభాగాన చిన్న చుక్క పెట్టండి. ఇప్పుడున్న చోటు నుంచి తీయకముందే పెట్టాలి. వాసన వచ్చే మార్కర్ పెన్నులు వద్దు. ఇక పిల్ల బయటికి వచ్చేదాకా ఆ చుక్క ఆకాశం వైపే ఉండాలి. గుడ్లను వేళ్లతో నొక్కి పట్టుకోకుండా, చెంచాతో కింది మన్నుతో సహా ఎత్తండి. రెండూ ఒకదానికొకటి అంటుకుని ఉంటే విడదీయొద్దు, పెంకు చిరుగుతుంది. జంటగానే పొదిగించవచ్చు. చేతిలో పొరపాటున ఒకటి దొర్లిందనుకోండి, చుక్క చూసుకుని మళ్లీ పాత తీరులోనే పెట్టి వదిలేయండి. ఒక్కసారి దొర్లినంత మాత్రాన ఖాయంగా పోయినట్టు కాదు, పారేయకండి.

ఇప్పుడు గుడ్ల డబ్బా. మూత గట్టిగా పట్టే 750 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ డబ్బా చాలు. లోపలికి వర్మిక్యులైట్ కావాలి, అంటే నీటిని పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పలుకులు. మిద్దెతోటల సామాను అమ్మేచోట, నర్సరీల్లో దొరుకుతుంది. ఎరువు కలపనిదేనా అని అడిగి తీసుకోండి. అది దొరక్కపోతే అలాంటిదే పెర్లైట్. మహేంద్రతనయ నది ఇసుక చేతికి అందుబాటులో ఉంది కదా అని వాడొద్దు, అది నీటిని పట్టి ఉంచదు, నాలుగు రోజుల్లో పైభాగం ఎండిపోతుంది. కొబ్బరిపొట్టు ఆడగెకో గుడ్లు పెట్టే తడి పెట్టెకు బాగుంటుంది గానీ రెండు నెలలు మూసి ఉంచే డబ్బాలో బూజుకు నెలవవుతుంది.

కొలత బరువుతోనే చూడాలి, గ్లాసులతో కాదు. 50 గ్రాముల పొడి వర్మిక్యులైట్‌కు 40 నుంచి 50 గ్రాముల నీళ్లు. కాచి చల్లార్చిన నీళ్లు గానీ, ఫిల్టరు నీళ్లు గానీ పోసి బాగా కలిపి ఒక గంట వదిలేయండి. గుప్పిట్లో పట్టి పిండితే ముద్దకావాలి, చుక్క నీరు కారకూడదు. కారిందంటే ఎక్కువైంది, కొద్దిగా పొడిది కలపండి. దీన్ని డబ్బాలో 4, 5 సెంటీమీటర్ల ఎత్తున పరిచి, బొటనవేలితో రెండు గుంటలు చేసి, గుడ్డు సగం లోపల సగం పైన ఉండేలా కూర్చోబెట్టండి. రెండింటి మధ్య రెండు వేళ్ల సందుండాలి. పూర్తిగా పాతిపెడితే గుడ్డుకు గాలి అందదు, చుక్కా కనపడదు. డబ్బా పక్కల పైభాగంలో వేడి సూదితో 2 నుంచి 4 సన్నని బెజ్జాలు చేయండి, అంతకు మించి వద్దు.

మూత పెట్టాక మొత్తం డబ్బాను గ్రాముల త్రాసు మీద పెట్టి, వచ్చిన బరువును తేదీతో సహా మూత మీద రాయండి. రెండు నెలల పాటు తేమ సంగతి మీకు చెప్పేది ఈ అంకే. వారానికోసారి తూయండి. 312 గ్రాములున్నది 307 అయితే 5 గ్రాముల నీళ్లు తగ్గాయన్నమాట. అంతే నీళ్లు, డబ్బా ఎంత వెచ్చగా ఉందో అంతే వెచ్చగా, డబ్బా అంచుల వెంట పోయండి. గుడ్డు మీద ఒక్క బొట్టు కూడా పడకూడదు. వంటింటి త్రాసు వాడితే దాని మీద కవరు వేసి తూయండి. గెకోలు, వాటి పెట్టెలు, గుడ్లు, వేటిని ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడగాలి, సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు కలిగించే బ్యాక్టీరియా ఉండటం మామూలే. చిన్నపిల్లలున్న ఇల్లయితే ఈ విషయంలో మరింత కచ్చితంగా ఉండండి.

ఉష్ణోగ్రత దగ్గరే మన ప్రాంతపు కష్టమంతా ఉంది. చలిదేశాల వాళ్లు రాసిన సూచనల్లో సగం హీటర్ల గురించే ఉంటుంది. అవి చదివి ఏప్రిల్‌లో పర్లాకిమిడిలో హీట్ మ్యాట్ (కరెంటుతో వెచ్చబడే పలచటి పట్టా) పెడితే గుడ్లు ఉడికిపోతాయి. మీ గుడ్లు 28 డిగ్రీల దగ్గర పొదగడానికి సుమారు 50 నుంచి 60 రోజులు పడుతుంది. అంటే మే నెలంతా అవి పెట్టెలోనే ఉంటాయి. కాబట్టి వేడి పుట్టించడం కన్నా వేడిని బయట ఆపడం మీదే మీ బుద్ధి పెట్టాలి.

28 డిగ్రీలే ఎందుకంటే, రెండు కారణాలు. లెపర్డ్ గెకోల్లో పిల్ల ఆడదా మగదా అన్నది పొదిగే వేడే నిర్ణయిస్తుంది, పొదిగే కాలం నడిమి భాగంలో ఉన్న వేడి. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడపిల్లలే. 30 దగ్గర మగవి కలుస్తాయి. 32.5 దగ్గర ఎక్కువ మగవే. ఇంకా పైకి, 34 దగ్గరకు పోతే మళ్లీ ఆడవే ఎక్కువ పుడతాయి గానీ ఆ ఆడవి దూకుడుగా ఉంటాయి, గుడ్లు పెట్టడం కష్టం, అసలు బతికి బయటపడేవే తక్కువ. 28 దగ్గర పుట్టేవి ఎక్కువగా ఆడవి. మగవాటిని రెంటిని ఒకచోట ఉంచలేం, కొట్టుకుచస్తాయి. మొదటిసారి వాళ్లకు ఆడవే సుఖం. రెండో కారణం ఇంకా ముఖ్యం. 28 దగ్గర పెట్టుకుంటే ప్రమాదపు గీత 6 డిగ్రీల దూరంలో ఉంటుంది. మగవి కావాలని 32 పెట్టుకుంటే 2 డిగ్రీలే. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి గది వేడెక్కితే ఆ 2 డిగ్రీలు గంటలో కరిగిపోతాయి. చిన్న తేడాలకు కంగారు అక్కర్లేదు, 27 నుంచి 29 మధ్య మెల్లగా ఊగినా గుడ్డుకేం కాదు. పొద్దున 26, మధ్యాహ్నం 33 అయ్యేలా రోజూ ఊగితే పిల్లలు బలహీనంగా పుడతాయి.

పెట్టెకు ఖర్చు పెట్టక్కర్లేదు. చేపలు ఐసులో వేసి తెచ్చే థర్మాకోల్ పెట్టె మూతతో సహా చేపల బజారులో దొరుకుతుంది. గోడ మందం కనీసం వేలెడు ఉన్నది, 25, 30 లీటర్లు పట్టేది తీసుకోండి. సబ్బుతో, ఆపైన పలచటి బ్లీచింగ్ నీళ్లతో కడిగి రెండు రోజులు ఎండబెట్టండి, నీచు వాసన పూర్తిగా పోవాలి. లేకపోతే ఆ వాసనకే ఈగలు, చీమలు వస్తాయి. అడుగున నాలుగు లీటరు సీసాలు నీళ్లతో నింపి పడుకోబెట్టండి. ఆ నీళ్లే మీ పెట్టెకు నిలకడ, బయట వేడి మారినా నీరు తొందరగా మారదు. సీసాల మీద ఒక జల్లెడో, ఇనుప జాలీయో పెట్టి దాని మీద గుడ్ల డబ్బా ఉంచండి.

పెట్టెను నేలకు దగ్గరగానే ఉంచండి. మిద్దె మీద గది వద్దు, స్లాబు రాత్రి పది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. కింద అంతస్తులో, ఉత్తరం వైపు, వంటిల్లు ఆనుకోని గది, కిటికీ ఎండ తగలని మూల చూడండి. ఎక్కడ పెట్టాలో కళ్లతో తేల్చకండి. కనిష్ఠం, గరిష్ఠం రెండూ గుర్తుంచుకునే డిజిటల్ థర్మామీటరు ఒకటి కొని రెండు మూడు మూలల్లో ఒక్కో రోజు ఉంచి చూడండి. ఆ థర్మామీటరును కూడా గుడ్డిగా నమ్మొద్దు. గ్లాసు నిండా దంచిన ఐసు, మునిగేంత నీళ్లు పోసి కలిపి, వేడిని కొలిచే దాని తీగ కొసను అందులో ఐదు నిమిషాలు ఉంచితే 0 చూపాలి. 1.5 చూపిందంటే ఆ ఒకటిన్నర తేడా ఎప్పుడూ తీసేసి చదువుకోండి. చవక థర్మామీటర్లు రెండు డిగ్రీలు అబద్ధం చెప్పడం చాలా సాధారణం, గుడ్ల విషయంలో రెండు డిగ్రీలంటే మాటలు కాదు.

నియంత్రణకు ఎస్‌టీసీ-1000 రకం థర్మోస్టాట్, అంటే వేడిని చూసి తనంతట తాను కరెంటు ఆన్, ఆఫ్ చేసే పరికరం, సరిపోతుంది. అందులో రెండు రిలేలు (స్విచ్చులు) ఉంటాయి, ఒకటి వేడికి, ఒకటి చల్లదనానికి. దాని సెట్టింగుల్లో ఎఫ్1 దగ్గర 28.0 (కావాల్సిన వేడి), ఎఫ్2 దగ్గర 0.5 (అటూ ఇటూ తేడా) పెట్టండి. అప్పుడు 27.5కి దిగితే వేడి వైపు, 28.5కి ఎక్కితే చల్లదనం వైపు ఆన్ అవుతుంది. దీని తీగ కొసను కూడా ఇందాకటిలాగే ఐసు నీళ్లలో పెట్టి చూసి, వచ్చిన తేడాను ఎఫ్4 దగ్గర సరిచేసుకోవచ్చు. ఇది నేరుగా ఇంటి కరెంటు, 230 వోల్టులు, తీగలు కలపడం ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. దాని తీగ కొసను పెట్టె గాలిలో వేలాడదీయకండి. గుడ్ల డబ్బాలాంటిదే మరో డబ్బాలో తడి వర్మిక్యులైట్ పోసి అందులో గుచ్చి, గుడ్ల డబ్బా పక్కనే పెట్టండి. గుడ్డు అనుభవించే వేడి అప్పుడే నిజంగా తెలుస్తుంది.

చల్లదనం వైపు ఏం పెట్టాలి? డబ్బున్న దారి, చిన్న పెల్టియర్ కూలర్ పెట్టె (కంప్రెసర్ లేకుండా కరెంటుతోనే చల్లబరిచేది), సీసాలు చల్లబరచడానికి అమ్మే చిన్న ఫ్రిజ్ లాంటిది. గుడ్ల డబ్బాను దాంట్లోనే పెట్టి, ఫ్రిజ్‌ను చల్లదనం రిలేకు తగిలిస్తే చాలు. డబ్బా మూసే ఉంటుంది కాబట్టి ఫ్రిజ్ పొడిగాలి గుడ్లను ఎండబెట్టదు. అది లేకపోతే ఐసు సీసా. అరలీటరు సీసాలు నాలుగు ఫ్రీజరులో వేసి ఉంచండి. ఉదయం పదకొండుకు ఒకటి, పాత పంచె గుడ్డ రెండు మడతలు చుట్టి, గుడ్ల డబ్బాకు దూరంగా ఎదుటి మూలన నిలబెట్టండి. సాయంత్రానికి కరిగితే మార్చండి. మీ గదిలో ఎన్ని సీసాలు, ఎన్ని గంటలకు అన్నది మీ థర్మామీటరే చెప్పాలి. మొదటి రెండు రోజులు గంటగంటకూ చూసి పుస్తకంలో రాస్తే మూడో రోజుకు లెక్క దొరుకుతుంది. గుడ్డ చుట్టకుండా పెడితే ఆ పక్క 20కి పడిపోయి ఈ పక్క 30 ఉంటుంది, డబ్బా మూతకు నీటి బొట్లు పడతాయి.

తడి గోనెపట్టా కప్పడం, ఇసుకలో కుండ పెట్టడం లాంటి పాత ఉపాయాలు మనకు సగమే పనిచేస్తాయి. గాలి పొడిగా ఉన్న మధ్యాహ్నాల్లో ఒకటి రెండు డిగ్రీలు దిగుతుంది, ఉక్కపోసే రోజున ఏమీ దిగదు. మరో దారిలేని రోజుకు సరే. ఏసీ ఉన్న గదిలో పెడదామన్న ఆలోచన కూడా జాగ్రత్తగా చేయాలి. రాత్రి 24కు దింపి పొద్దున ఆపేసే ఇంట్లో, పెట్టె లోపల నీళ్ల సీసాలున్నా రోజూ ఊగుడు తప్పదు.

హీట్ మ్యాట్ సంగతి వానాకాలం చివర, చలికాలంలో గుడ్లు వచ్చినప్పుడు చూసుకోవాలి. అప్పుడు కూడా 7 వాట్లది చాలు. చిన్నది ఎందుకంటే, రిలే ఎప్పుడైనా ఆన్‌లోనే ఇరుక్కుపోతే 7 వాట్ల మ్యాట్ పెట్టెను మెల్లగా వెచ్చబెడుతుంది, మీరు గమనించేలోపు గుడ్లు పోవు. 40 వాట్ల బల్బు అయితే పోతాయి. మ్యాట్‌ను పెట్టె పక్క గోడకు అంటించండి, డబ్బా కింద ఎప్పుడూ వద్దు. కిందినుంచి వేడి వస్తే అడుగు నీరు ఆవిరై మూతకు పట్టి బొట్లుగా గుడ్ల మీద రాలుతుంది, అడుగు ఎండిపోతుంది. మీరేమో మూత మీద బొట్లు చూసి తేమ ఎక్కువైందని నీళ్లు పోయడం మానేస్తారు. ఇలా పోయిన గుడ్లు లెక్కలేనన్ని. జయపురం, కోరాపుట్ వైపు కొండల మీద ఉండేవాళ్లు మాత్రం చలికాలపు రాత్రులకు మ్యాట్ సిద్ధంగా పెట్టుకోవాలి. ఈ ఏప్రిల్, మే నెలల్లో మీరు మ్యాట్ ప్లగ్గు తీసి పక్కన పెట్టేయండి.

కరెంటు కోత గురించి మీ భయంలో సగం తీసేయొచ్చు. గుడ్డు కొన్ని గంటలు 22, 23కి చల్లబడితే పొదగడం కొంచెం ఆలస్యమవుతుంది, అంతే. చల్లదనాన్ని ఓర్చుకుంటుంది, వేడిని ఓర్చుకోదు. రాత్రి గాలివానకు కరెంటు పోతే పెట్టె మూత తెరవకుండా వదిలేసి పడుకోండి. పగటి కోతే చూసుకోవాలి. పెట్టె తెరవొద్దు, ఐసు సీసా వేసేటప్పుడు తప్ప. పెల్టియర్ వాడేవాళ్లు దాన్ని ఇన్వర్టర్‌కు కలపండి. అలాంటి చిన్న ఫ్రిజ్ 40, 50 వాట్లు లాగుతుంది. 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీలో లెక్కకు 1,800 వాట్ అవర్లుంటాయి, అందులో సగమే వాడుకున్నా ఆ ఫ్రిజ్‌ను పూటకు పైగా నడపవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కరెంటు లేక జనం ఎన్ని అవస్థలు పడ్డారో మీకు చెప్పక్కర్లేదు. అలాంటి హెచ్చరిక వస్తే ముందురోజే ఫ్రీజరు నిండా సీసాలు గడ్డకట్టించి, వాటిని మరో థర్మాకోల్ పెట్టెలో కుక్కి మూతేసి ఉంచుకోండి.

చీమలు కూడా కరెంటంత శత్రువే. ఒక్క గుడ్డు చితికినా, పాడైపోయినా చీమల బారు కట్టేస్తుంది. పెద్దలు పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే పెట్టెను నాలుగు ఇటుకల మీద ఎత్తి, ఒక్కో ఇటుకను నీళ్ల పళ్లెంలో ఉంచండి. చీమలమందు సుద్దగీతలు పెట్టె దగ్గర గీయకండి, ఆ విషం గెకోలకూ, వాటికి పెట్టే పురుగులకూ తగులుతుంది. వానాకాలంలో సన్నని నల్ల ఈగలు బెజ్జాల్లోంచి దూరి చెడ్డ గుడ్డు మీద గుడ్లు పెడతాయి. బెజ్జాల మీద పలచటి నైలాన్ గుడ్డ అంటిస్తే ఆ బాధ ఉండదు.

పదో రోజున గుడ్డు పట్టిందా లేదా చూడవచ్చు. గది చీకటి చేసి, గుడ్డును కదపకుండా, ఫోను టార్చి ముందు అట్టగొట్టం పెట్టి పక్క నుంచి ఐదు సెకన్లు వెలుగు వేయండి. గులాబీ రంగు, ఎర్రటి నరాలు కనిపిస్తే లోపల ప్రాణం ఉంది. అంతా పసుపుగా, నరాల్లేకుండా ఉంటే బహుశా ఒట్టి గుడ్డు. బహుశా అని ఎందుకంటున్నామంటే, మొదటిసారి చూసేవాళ్లకు తేడా తెలియదు. ఇంకో పది రోజులు ఆగి మళ్లీ చూడండి, ఆరోగ్యమైన గుడ్డు అప్పటికి ఉబ్బి బరువెక్కుతుంది. కొత్తగా ఈనికకొచ్చిన ఆడది మొదటి కాన్పులో ఒట్టి గుడ్లు పెట్టడం చాలా మామూలు. రెండూ పోయినా మీ తప్పనుకోవద్దు, రెండు మూడు వారాల్లో మరో రెండు పెడుతుంది. ఒక్కసారి జత కలిసినా విత్తును దాచుకుని ఒక సీజనులో ఐదారుసార్లు గుడ్లు పెట్టగలదు.

బూజు పట్టిన గుడ్డును చూడగానే పారేస్తారు చాలామంది. వద్దు. బతికున్న గుడ్డు మీద కూడా కొద్దిగా బూజు రావచ్చు. దూదిపుల్లతో మెల్లగా తుడిచి, మందుల షాపులో కాలివేళ్ల సందుల్లో వచ్చే ఫంగస్‌కు ఇచ్చే యాంటీఫంగల్ పొడి చిటికెడు అద్దండి. పక్కగుడ్డుకు దూరంగా వేరే డబ్బాలో పెడితే ఇంకా మంచిది. కుళ్లు వాసన వచ్చి, లోపలికి కుంగి, పచ్చగా మారితేనే తీయండి. గుడ్డు మీద చొట్ట పడితే అది ఏ రోజున పడిందో చూడాలి. మొదటి నెలలో చొట్టంటే తేమ తక్కువ, తూచి నీళ్లు పోయండి, రెండు మూడు రోజుల్లో మళ్లీ నిండుకుంటుంది. 45 రోజులు దాటాక చొట్టలు పడి, పెంకు మీద చెమట బొట్లు పోస్తే పిల్ల రావడానికి సిద్ధమవుతోందన్నమాట. అప్పుడు నీళ్లు పోయడం తప్పు. మరీ ఉబ్బి మిలమిలలాడుతూ పెంకు పలచబడిందంటే మాత్రం నీరెక్కువైంది, మూత పదినిమిషాలు తీసి పొడి వర్మిక్యులైట్ ఒక చెంచా అంచుల్లో కలపండి.

గాలి కోసం వారానికి ఒకసారి, ఆఖరి రెండు వారాలు మూడు రోజులకోసారి మూత తీసి అర నిమిషం పుస్తకం అట్టతో మెల్లగా విసిరి మూసేయండి. పెద్దదైన పిండానికి గాలి ఎక్కువ కావాలి. అంతకుమించి రోజూ తెరిచి చూడొద్దు. ఆత్రం మాకు అర్థమవుతుంది, కానీ తెరిచిన ప్రతిసారీ తేమ, చల్లదనం బయటికి పోతాయి.

పిల్ల పై దవడ కొసన ఉండే రెండు చిన్న పళ్లతో పెంకు చీలుస్తుంది. తల బయటపెట్టి ఒక రోజంతా అలాగే ఉండిపోవచ్చు. లాగకండి. ఆ వేళలో అది మిగిలిన పచ్చసొనను కడుపులోకి పీల్చుకుంటూ ఉంటుంది, లాగితే బొడ్డు తెగి చచ్చిపోతుంది. చీలిక పడి రెండు రోజులైనా కదలిక లేకపోతేనే, తడి దూదితో చీలిక అంచులను మెత్తబరచండి, అంతవరకే. పూర్తిగా వచ్చాక ఒక్కొక్క పిల్లను ఒక్కో డబ్బాలో, అడుగున టిష్యూ కాగితం, సీసా మూతలో నీళ్లు, ఒక మూలన తడి కాగితం పరిచిన చిన్న గూడు పెట్టి ఉంచండి. వెచ్చటి మూల 31, చల్లటి మూల 26. పుట్టిన కొద్దిరోజులకు మొదటి పొర విడుస్తుంది, అప్పటిదాకా ఏమీ తినదు, బలవంతంగా పెట్టొద్దు. తర్వాత రోజూ నాలుగైదు చిన్న పురుగులు, కీచురాళ్ల పిల్లలు గానీ మీల్‌వర్మ్‌లు గానీ, పిల్ల రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్దవి కాకుండా, విటమిన్ డి3 కలిసిన కాల్షియం పొడి అద్ది వేయండి. పెరట్లో దొరికే మిడతలు వద్దు, పొలాల్లో పురుగుమందు తిని ఉంటాయి. ఇసుక పరచొద్దు, తినేసి పేగు మూసుకుపోతుంది.

తల్లిని మరిచిపోకండి. గుడ్లు పెట్టాక దాని తోక సన్నబడుతుంది, ఆ తోకే దాని కొవ్వు గాదె. నీళ్లు, కాల్షియం ఎప్పుడూ అందుబాటులో పెట్టి, తినగలిగినన్ని పురుగులు ఇవ్వండి. మగదాన్ని ఈరోజే వేరు చేయండి. బరువు 45 గ్రాములు దాటని, ఏడాది నిండని ఆడదాన్ని అసలు జత కట్టించకూడదు. కడుపులో గుడ్లు తెల్లగా కనిపిస్తూ, రోజుల తరబడి తవ్వుతూ, తినక నీరసపడితే గుడ్డు అడ్డుపడిందని అనుమానించి పశువైద్యుణ్ని కలవాలి. ఇంకొకటి అడగాల్సింది ఉంది. మీ జతలో ఏదైనా ఎనిగ్మా రకమా, లెమన్ ఫ్రాస్ట్ రకమా (ఇవి పెంపకంలో వచ్చిన రంగు రకాలు)? ఎనిగ్మా పిల్లలకు తల తిప్పుకుంటూ గుండ్రంగా తిరిగే నరాల జబ్బు వస్తుంది. లెమన్ ఫ్రాస్ట్‌కు చర్మపు గడ్డలు వస్తాయని, దానికి కారణమైన జన్యువు ఆచూకీ సైతం 2021లో ప్రచురితమైంది. వాటిలో ఏదైనా సరే, ఈ గుడ్లు పొదిగించకండి, ఇప్పుడే ఫ్రీజరులో పెట్టేయడం దయ. మిగతా గుడ్ల విషయంలోనూ మీకెన్ని పిల్లలకు చోటుందో, ఇరవయ్యేళ్ల దాకా బతికే జీవాలను ఎన్నిటిని సాకగలరో లెక్కేసుకుని అన్నే ఉంచండి. మిగిలినవి పెట్టిన రోజే ఫ్రీజరులో వేయండి.

అత్తగారి మాటకు ఆధారం లేకపోలేదు, దాన్ని కొట్టిపారేయకండి. ఒడిశా అడవుల్లో, తూర్పు కనుమల్లో మీ గెకోకు దగ్గరి బంధువులు నిజంగానే ఉన్నాయి. యూబ్లెఫారిస్ హార్డ్‌విక్కీ ఒకటి, 2022లో ఆంధ్ర, ఒడిశాల నుంచి గుర్తించి వర్ణించిన యూబ్లెఫారిస్ పిక్టస్ మరొకటి. ఒడియాలో కాళకూట సాప (సాప అంటే పాము) అని భయపడేది వీటినే. కానీ ప్రపంచంలో ఏ గెకోకూ విషం లేదు. మీ గెకో కాలి వేళ్లకు అంటుకునే మెత్తలుండవు, గోడలు ఎక్కలేదు, కాబట్టి పప్పులో, పాలలో పడుతుందన్న భయమూ అక్కర్లేదు. ఇది కనురెప్పలు మూసి నిద్రపోతుంది, గోడబల్లికి రెప్పలే లేవు. ఈ రెండు తేడాలూ అత్తయ్యగారికి దగ్గరుండి చూపించండి, మాటలకన్నా అవే నమ్మకం కలిగిస్తాయి. ఊళ్లో ఎవరైనా అడవి గెకోను పట్టుకొచ్చి మీ దానికి జతగా ఇస్తామంటే తీసుకోకండి, అడవిది అడవిలోనే ఉండాలి. మీ గెకోలు కొన్న రసీదు భద్రపరచండి. పిల్లల్ని వేరెవరికైనా ఇచ్చే ముందు అటవీశాఖ రేంజ్ ఆఫీసులో జాతి శాస్త్రీయ నామంతో సహా చెప్పి, ఇవ్వవచ్చో లేదో రాతపూర్వకంగా అడగండి.

ఆఖరుగా, ఒక గుడ్డు పొదిగి రెండోది కదలకుండా ఉంటే దాన్ని తీసేయకండి. ఒకే రోజు పెట్టినవి కూడా రోజుల తేడాతో పిల్లలవుతాయి. పొదిగిన పెంకును మాత్రం వెంటనే తీసేయండి, దాని తడికి చీమలు వస్తాయి. గుడ్డు గట్టిగా, తెల్లగా, వాసన లేకుండా ఉన్నంతకాలం 75వ రోజు దాకా ఆగండి.